దీవిమీద ఒక పూట

గడచిన సంక్రాంతి సెలవులలో మేము బోధను నుండి నాగార్జునకొండకు పోయి వచ్చితిమి. మా యింటివారు బడిపంతులు గనుక బడికి సెలవున్నప్పుడే మాకును సెలవు. సకినాలు, అరిసెలు, పులిహోర మూటలు గట్టుకొని, అత్తగారిని, పిల్లలను, శక్కర్‌నగరు నుండి ఇరువురు స్నేహితురాండ్రను వెంటబెట్టుకొని, నిజామాబాదు, హైదరాబాదులమీదుగా సాగరము చేరుసరికి ఒక దినము గడచెను. ఈ నెల వంటకమునకు మారుగా ఆ దీవిని గూర్చియే వ్రాయుచున్నాము. సోదరీమణులు మన్నింతురు గాక.

సాగరమునకు పోవువారు ఆనకట్ట చూతురు, లాంచీ యెక్కుదురు, దీవి దిగి మ్యూజియమును అరగంటలో చుట్టివత్తురు, చెట్టునీడను మూటలు విప్పుదురు, లాంచీవాని పిలుపు వినగానే పరుగెత్తుదురు. ఆ అరగంటసేపు మూటలకు కాపలా యెవరు? ఆడవారే. మేము మొదటిమారు పోయినప్పుడు చంటిపిల్లను ఒడిలో నుంచుకొని చెప్పుల వరుసయొద్ద కూర్చుండి తిరిగివచ్చిన వారమే. ఈ మారు మూటలను మగవారికి అప్పగించితిమి. వారు కాదనలేదు. పులిహోర వారియొద్దనే యుండెను గదా!

ఇది మొదటినుండి దీవి కాదు. కృష్ణయొడ్డున లోయలో నిలిచిన కొండ. ఆ లోయయే మూడు, నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి. 1926లో రంగస్వామి సరస్వతిగారు శిథిలములను కనుగొనిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగునని తెలిసి పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, కొన్ని కట్టడములను ఊడదీసి కొండమీదికి చేర్చి మరల కట్టిరి. మరికొన్నిటిని ఒడ్డున అనుపులో నిలిపిరి. కాలువలకు నీరు వదలినది 1967లో.

మ్యూజియములో బుద్ధవిగ్రహములను అందఱును చూతురు. శాసనములున్న స్తంభములయొద్ద మాత్రము ఎవరును నిలువరు. మేము నిలిచితిమి. సంస్కృతనాటకములలో స్త్రీపాత్రలు ప్రాకృతమున మాటలాడుట చిన్నతనమున మా తండ్రిగారియొద్ద చదువుకొంటిమి. ఇచ్చట రాజకుటుంబపు స్త్రీలే ప్రాకృతమున, బ్రాహ్మీలిపిలో, తమ దానములను రాతిపై చెక్కించిరి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు యజ్ఞములు చేసిన రాజు. ఆయన చెల్లెలు శాంతిశ్రీయో, బౌద్ధ మహాచైత్యమునకు ప్రధానదాత. అన్నది ఒక మతము, చెల్లెలిది మరియొకటి. అయినను ఇంటిలో పొత్తు చెడలేదు. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుడు మేనత్తల కూతుండ్రనే పెండ్లాడెను. మన మేనరికములు ఎంత పాతవో చూడుడు! రాజుల పేర్లలో తల్లి గోత్రము చేరుటయు గమనింపదగినది.

మాకు మిక్కిలి నచ్చినది బోధిశ్రీ. ఆమె రాణి కాదు, మనవంటి గృహిణి. సింహళదేశపు భిక్షువులకు చైత్యగృహము కట్టించినది. ఒక విహారమున చెరువు, మరియొకచోట మంటపము, ఇంకొకచోట బోధివృక్షమునకు ప్రాసాదము, పలుచోట్ల భిక్షువులకు గదులు. పుణ్యములో పాలు పంచుటకు భర్తవైపు చుట్టములను, తనవైపు చుట్టములను వరుసగా పేర్కొన్నది. పెండ్లిపత్రిక వ్రాయునపుడు ఎవరి పేరు మరచితిమోయని మనము పడు భయమే ఆమెకును ఉండియుండును.

వెలుపల స్నానఘట్టము కలదు. నదియొడ్డున నుండవలసిన రాతిమెట్లు నేడు కొండనెత్తిన నున్నవి. చూడకుండ రావలదు. తీరిక యున్నచో అనుపులోని రంగస్థలమునకును పోవలెను. నాలుగు వైపుల మెట్లతో దీర్ఘచతురస్రముగా నుండును. శుక్రవారము మ్యూజియము మూసియుందురు గనుక ఆ దినము తప్పింపుడు. వేసవికన్న వానలు వెలసిన పిదప పోవుట మేలు.

మ్యూజియములోనే ఆ మునిగిన లోయయొక్క నమూనా కలదు. ఏ విహార మెచ్చట నుండెనో అందు కనబడును. మా అత్తగారు దానియొద్దనే నిలిచిపోయిరి. ఎంతసేపటికిని కదలకుండుట చూచి దగ్గరకు పోయితిమి.

“గండ్ల ఊర్లు ఏడున్నయి బిడ్డా?” అని అడిగిరి.

రాజధాని గలదుగాని, మునిగిన పల్లెలు మాకు కానరాలేదు. ఏమి చెప్పుటకును తోచలేదు.

“మా తల్లిగారూరు గూడ పోచంపాడు నీళ్లల్ల గిట్లనే పాయె. గుడి పాయె, ఇండ్లు పాయె. మా రాళ్లెవ్వలు మోసుకరాలే,” అనిరి.

ఇన్నేండ్ల కాపురములో ఆ యూరి మాట వారి నోట మేము వినియుండలేదు. మేమును నీటి మేలు తిన్నవారమే. బోధను చెరకు పెరిగినది 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితోనే. చక్కెర మిల్లు 2015లో మూతపడినది గాని, ఆ కాలువనీటి అన్నము నేటికిని తినుచున్నాము. అందుచేతనే కాబోలు ఏమియు అనలేకపోతిమి.

తిరుగు లాంచీలో అత్తగారు కొంగుముడి విప్పి చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ నీటిలో విడిచిరి. వేసవిలో పోచంపాడు నీరు తగ్గినపుడు తమ యూరి గుడిగోడ పైకి తేలునని ఎవరో చెప్పిరట. చూడవలెనని యున్నదనిరి. మేలో బడి మూయగానే పోవుటకు నిశ్చయించుకొంటిమి. మూటలు ఈ మారును మగవారికే.