కోత కంటే ముందు పడాల్సిన ఇంజెక్షన్

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగే వాళ్లలో స్కానింగ్ రిపోర్టుల కవరు చంకన పెట్టుకున్న వాళ్లు రోజూ కనబడతారు. సూర్యాపేట, నల్లగొండ, దేవరకొండల నుంచి వచ్చేవాళ్లకు పట్నంలో మొదట తగిలేవి ఇక్కడి ఆస్పత్రులే. ఇక దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఏ కోచింగ్ పిల్లవాడికో ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి వచ్చిందంటే, అమ్మానాన్నలు ఇంకా బస్సులో ఉండగానే అపెండిక్స్ తీసెయ్యాలన్న మాట ఫోన్లో వచ్చేస్తుంది.

ఆపరేషన్ అయ్యాక మనవాళ్లు డాక్టరును అడిగేది ఒక్కటే. ‘సార్, జర పవరున్న యాంటిబయాటిక్ రాయండి, కుట్లకు చీము పట్టకుండా.’ డిశ్చార్జి రోజు మందుల కవరు ఎంత బరువుంటే వైద్యం అంత గట్టిగా జరిగినట్టు లెక్క. ఈ లెక్క తలకిందులైందని నా వాదన. కాపాడే డోసు కత్తి పడకముందే పడాలి. ఆ డోసు వేళకు పడిందా అని అడిగిన బంధువును నేను ఇంతవరకు చూడలేదు.

పెద్దపేగులో ఒక గ్రాము మలంలో దాదాపు పదివేల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. చర్మాన్ని బెటాడిన్‌తో ఎంత తుడిచినా, పేగు తెరిచాక ఆ సంత గాయానికి తగలక మానదు. తగిలే క్షణానికి మందు రక్తంలో, కండలో సిద్ధంగా ఉండాలి. జాన్ బర్క్ అనే అమెరికా సర్జన్ 1961లోనే గినీపందుల మీద దీన్ని తేల్చాడు. సూక్ష్మజీవి చర్మంలోకి దిగకముందే మందు ఇస్తే పుండు అణిగింది. మూడు గంటలు గడిచాక ఇస్తే, ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే.

మనుషుల లెక్క 1992లో వచ్చింది. సాల్ట్‌లేక్ సిటీలో 2,847 మంది ఆపరేషన్లను పరిశీలిస్తే, కోతకు ముందు రెండు గంటల లోపు మందు పడినవాళ్లలో గాయం చెడింది 0.6 శాతం మందికే. కోత తరువాత మూడు గంటలు దాటి పడినవాళ్లలో 3.3 శాతం. మరీ ముందే, అంటే రెండు గంటల కంటే ఎక్కువ ముందు పడినవాళ్లలో 3.8 శాతం. ఈ చివరి అంకె మన దగ్గర బాగా పనికొస్తుంది. పొద్దున ఏడింటికి వార్డులో సిస్టర్ ఇంజెక్షన్ చేసి కేస్‌షీట్‌లో టిక్కు పెడుతుంది. థియేటర్లో ముందున్న కేసు సాగుతుంది, మనవాడి వంతు పదకొండింటికి వస్తుంది. కాగితం మీద అంతా సవ్యమే. మందు మాత్రం ఒంట్లో పలచబడుతూ ఉంటుంది.

పేగుల ఆపరేషన్ల సంగతైతే ఎప్పుడో తేలింది. 1965 నుంచి 1980 వరకు జరిగిన పరీక్షలన్నీ కూడితే, మందు లేనివాళ్లలో మరణాలు 11.2 శాతం, ఇచ్చినవాళ్లలో 4.5. ఇక మందు ఇవ్వకుండా పరీక్షలు చేయడం తగదని 1981లోనే ఆ లెక్క కట్టినవాళ్లు అన్నారు. తరువాత 2014లో 260 పరీక్షలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, గాయం చెడడం 39 శాతం నుంచి 13కు దిగుతుందని తేల్చింది. పేగు కడగడానికి ఉప్పుపౌడరు నీళ్లు తాగించడం వేరే ముచ్చట. ఉత్త కడుగుడు చాలదు, దానితో నోటి ద్వారా యాంటిబయాటిక్ కూడా కలవాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ముందు రోజు రేజరుతో పొట్ట గొరిగే అలవాటును కూడా వద్దంది. అది ఇంకా చాలాచోట్ల నడుస్తోంది.

అదే సంస్థ చెప్పిన ఇంకో మాట మనకు మింగుడు పడదు: నివారణ కోసం ఇచ్చే మందును ఆపరేషన్ ముగిశాక సాగదీయవద్దు. అపెండిక్స్ పగిలి కడుపులో చీము చేరితే సంగతి వేరు. అది నివారణ కాదు, చికిత్స. డాక్టరు చెప్పినన్నాళ్లు వాడాల్సిందే. కానీ పగలని అపెండిక్స్‌కు కూడా ఐదు రోజుల సెఫ్ట్రియాక్సోన్, మెట్రోజిల్ బాటిళ్లు, ఇంటికెళ్లాక మరో వారం మాత్రలు ఎందుకు? సర్జన్‌కు భయం. రేపు చీము పడితే ‘పవరు మందు ఎందుకు రాయలేదు’ అని నిలదీసేది మనమే కదా.

ఆ భయం ఖరీదు బిల్లుతో తీరదు. విరేచనాలు, మొండికేసిన బ్యాక్టీరియా దాని వెంటే వస్తాయి. మెట్రోకు ఈ కొస ఎల్బీనగర్, ఆ కొస మియాపూర్. అది దాటి పోతే పటాన్‌చెరు. మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే అక్కడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు రాశారు. మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి ఊళ్లో ఉంటూ అక్కర్లేని మాత్రలు మనమూ మింగడం చోద్యం.

కోతకు ముందు ‘గత 60 నిమిషాల్లో యాంటిబయాటిక్ ఇచ్చారా’ అని థియేటర్లో గట్టిగా అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెక్‌లిస్టులోనే ఉంది. నేను కోరేది చిన్నది. ఇంజెక్షన్ పడిన టైము, కోత పడిన టైము పక్కపక్కన డిశ్చార్జి కాగితం మీద అచ్చు వేయాలి. ‘మెత్తటి అన్నం తినండి, బరువులెత్తవద్దు’ అని రాయడానికి చోటున్న కాగితంలో రెండు టైములకు చోటు ఉండదా? గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేసిన వెయ్యి పడకల టిమ్స్‌లో ఈ పద్ధతి మొదటి రోజు నుంచే ఉంటే, చుట్టుపక్కల ప్రైవేటు ఆస్పత్రులను కూడా జనమే అడుగుతారు.

అడిగేటప్పుడు ఇంకో రెండు సంగతులు కూడా గుర్తుంచుకోండి. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే సెఫజోలిన్ లాంటి మందును మధ్యలో మళ్లీ ఇవ్వాలి. పేషెంటుకు పెన్సిలిన్ పడకపోతే ఆ మాట మత్తు డాక్టరుకు ముందు రోజే చెప్పాలి. స్ట్రెచర్ థియేటర్ గుమ్మం దాటుతుండగా చెబితే, వాళ్లు వేరే మందు తెప్పించేసరికి ఆ గంట కాస్తా అయిపోతుంది.