ఆరోగ్యం - మనం: "మరునాడు ఎలా ఉంది?" అని అడగండి డాక్టరు గారూ!

ఒంట్లో ఓపిక లేదని చెప్పడానికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. పని చేస్తే వచ్చేది అలసట. తిండి చాలకపోతే నీరసం. జ్వరం తగ్గాక మిగిలేది నిస్సత్తువ. పేర్ణాంబట్టు, గుడియాత్తం వైపు మనవాళ్ళకు తమిళపు సోర్వు, అసది కూడా సొంత మాటల్లాంటివే. పక్కింటి ఉర్దూ వారి కంజోరీ కూడా తెలుసు. ఇన్ని మాటలు తెలిసీ, ఆస్పత్రిలో వంతు వచ్చి కూర్చున్నాక మాత్రం "నీరసంగా ఉండాది డాక్టరమ్మా" అన్న ఒక్క ముక్కే నోట వస్తుంది. డాక్టరు గారు కంటి రెప్ప లాగి చూసి, ఒక టానిక్కు, బి కాంప్లెక్సు మాత్రలు రాసి పంపిస్తారు. చాలామందికి అవి సరిపోతాయి. సరిపోని కొద్దిమంది గురించే ఈసారి మన శీర్షిక.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేర్ణాంబట్టులో చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఒక అమ్మాయికి విషజ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ఓపిక మాత్రం తిరిగి రాలేదు. ఆదివారం కాస్త బాగుందనిపించి బట్టలుతికి, ఇల్లు తుడిచింది. సోమవారం ఎలాగో పనికి వెళ్ళింది. మంగళవారం మంచం మీద నుంచి లేవలేకపోయింది. ఒళ్ళంతా నొప్పులు, గొంతు మంట. ఎదుటివారు మాట్లాడుతుంటే అర్థం చేసుకోవడం కూడా కష్టంగా ఉంది. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టే లేదు. ఇలా ఆరు నెలలు గడిచాయి. రక్తపరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. ఇంట్లో అత్తగారు సోమరితనమన్నారు. డాక్టరు గారు రోజూ బాగా నడవమన్నారు. ఆ అమ్మాయి మాట విని నడిచింది, ఇంకా క్షీణించింది.

ఇలాంటి జబ్బుకు వైద్యశాస్త్రంలో ఒక పేరుంది. క్రానిక్ ఫాటిగ్ సిండ్రోమ్, అంటే దీర్ఘకాలిక అలసట వ్యాధి. మయాల్జిక్ ఎన్‌కెఫలోమైలైటిస్ అనే పాత పేరును కూడా కలిపి ఇప్పుడు ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అంటున్నారు. దీని ముఖ్య లక్షణం వట్టి అలసట కాదు. కొద్దిపాటి శ్రమకే, అది ఒంటి శ్రమ అయినా బుర్రకు పని అయినా, కొన్ని గంటల తరువాతనో మరునాడో మూడవనాడో ఒళ్ళు కుప్పకూలిపోవడం. శ్రమకూ దెబ్బకూ మధ్య ఇంత ఎడం ఉండటం వల్ల, ఒకదానికి మరొకటి కారణమని రోగికే తోచదు. ఇక రోగి చెప్పనిది డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

ఈ విషయంలో వైద్యులు కూడా ఆలస్యంగానే కళ్ళు తెరిచారు. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో సుమారు 300 మంది ఒక అంతుపట్టని జబ్బుతో మంచం పట్టారు. వారిలో ఎక్కువమంది ఆ ఆస్పత్రి సిబ్బందే. కొన్ని నెలలు ఆస్పత్రినే మూయవలసి వచ్చింది. 1970లో ఇద్దరు మానసిక వైద్యులు రోగులను కలుసుకోకుండానే పాత కాగితాలు తిరగేసి, అది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. రోగుల్లో స్త్రీలు ఎక్కువగా ఉండటం కూడా వారు చూపిన కారణాల్లో ఒకటి! 1988లో అమెరికాలో క్రానిక్ ఫాటిగ్ సిండ్రోమ్ అన్న పేరు ఖాయమైంది. ఆ పేరు వల్ల "అలసట ఎవరికి లేదు?" అని తీసిపారేయడం ఇంకా సులువైంది.

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక పెద్ద నివేదిక వెలువరించి, ఇది నిజమైన శారీరక వ్యాధి అని స్పష్టం చేసింది. అక్కడ 8 లక్షల 36 వేల నుంచి 25 లక్షల మందికి ఈ వ్యాధి ఉందనీ, వారిలో నూటికి 84 నుంచి 91 మందికి ఆ సంగతే తెలియదనీ అంచనా వేసింది. వైద్య కళాశాలల్లో మూడింట ఒక వంతు కూడా దీన్ని పాఠంగా చెప్పడం లేదని ఆ నివేదికే పేర్కొంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2007లో ఈ రోగులకు వ్యాయామం క్రమంగా పెంచుకుంటూ పొమ్మని సూచించింది. 2021 అక్టోబరులో ఆ సలహాను రద్దు చేసింది. నడవమన్న మాట మంచి ఉద్దేశంతో చెప్పినదే. ఈ ఒక్క జబ్బులో మాత్రం అది హాని చేయగలదు.

మన దగ్గర సంగతేమిటి? గోవాలో 18 నుంచి 50 ఏళ్ళ లోపు స్త్రీలు 3000 మందిని పరిశీలించి 2005లో ప్రచురించిన పరిశోధనలో, నూటికి 12 మంది ఆరు నెలలకు పైగా అలసటతో బాధపడుతున్నారని తేలింది. అందరిదీ ఈ వ్యాధి కాదు. పేదరికం, మనోవేదన వంటివి దానితో ముడిపడి కనిపించాయి. రక్తంలో హిమోగ్లోబిన్ స్థాయికి మాత్రం ఆ అలసటతో సంబంధం కనబడలేదు. "ఆడవాళ్ళ నీరసమంటే రక్తం తక్కువే" అని ఊరుకునే మనకు ఇది గమనార్హమైన సంగతి. 2006లో చికున్‌గున్యా ఆంధ్రనూ తమిళనాడునూ ఊపేసినప్పుడు, నెలల తరబడి నొప్పులతో, నిస్సత్తువతో మిగిలిపోయినవారిని మనమంతా చూశాం. 2020 తరువాత కోవిడ్ వచ్చి తగ్గినవారిలోనూ కొందరికి సరిగ్గా ఈ లక్షణాలే మిగిలాయి.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక మంచి వారసత్వం ఉంది. వేలూరులో 1900లో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టిన ఐడా స్కడర్, ఆ తరువాత వారం వారం గుడియాత్తం దారిలో చెట్ల కింద ఆగి, రోగులున్న చోటికే వెళ్ళి చూశారు. 1946లో అక్కడికి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ సంగతీ అంతే. కుష్ఠురోగుల వేళ్ళు వాటంతట అవే కుళ్ళి ఊడిపోతాయని అందరూ నమ్మే రోజుల్లో, ఆయన రోగుల దినచర్యను దగ్గరగా గమనించారు. స్పర్శ లేకపోవడం వల్ల తెలియకుండా తగిలే దెబ్బలూ కాలిన గాయాలే వేళ్ళను పోగొడుతున్నాయని గ్రహించారు. రోగి రోజు ఎలా గడుస్తోందో చూసినందువల్ల ఒక తప్పుడు నమ్మకం తొలగింది. దీర్ఘకాలిక అలసటకూ ఇప్పుడు కావలసింది అదే.

కాబట్టి మన ఊళ్ళలో ప్రాక్టీసు చేసే డాక్టరు గార్లకు మా మనవి ఇది. రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం, క్షయ, బి12 లోపం వంటివి ముందు పరీక్షించండి. అవి కావని తేలితే నాలుగు ప్రశ్నలు అడగండి. జబ్బుకు ముందు చేసిన పనుల్లో ఇప్పుడు ఏవి చేయలేకపోతున్నారు? శ్రమ చేసిన మరునాడు, ఆ మరునాడు ఎలా ఉంది? నిద్ర లేచాక సేద తీరినట్టుందా? మాటలు తడబడటం, మతిమరుపు గానీ, నిలబడితే కళ్ళు తిరగడం గానీ ఉన్నాయా? రోగిని కాసేపు పడుకోబెట్టి, తరువాత పది నిమిషాలు నిలబెట్టి నాడి, రక్తపోటు చూడండి. పెద్దవారిలో నాడి నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే అది పట్టించుకోవలసిన విషయం. దీనికి ఖరీదైన యంత్రమేదీ అక్కరలేదు. మనోవ్యాకులత ఉన్నవారికి తరచు పని మీద ఆసక్తే పోతుంది. ఈ రోగికి చేయాలని ఉంటుంది, ఒళ్ళు సహకరించదు. రెండూ ఒకరిలోనే ఉండవచ్చు కూడా.

ఇంట్లోవారూ చేయవలసింది ఉంది. ఆస్పత్రికి వెళ్ళే ముందు రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో రోజుకు రెండు పంక్తులు రాయండి: ఈ రోజు చేసిన పని, ఈ రోజు ఒళ్ళు ఉన్న తీరు. తమిళ డాక్టరైతే తమిళం చదివిన పిల్లల చేత రాయించండి. "నీరసం" అన్న మాట చెప్పలేని సంగతిని ఆ కాగితం చెబుతుంది. ఆదివారం బట్టలుతకడం, మంగళవారం మంచం పట్టడం రెండూ ఒకే పుటలో కనబడితే డాక్టరుకు దారి దొరుకుతుంది.

ఈ వ్యాధిని నిర్ధారించే ఒకే పరీక్ష గానీ, పూర్తిగా నయం చేసే మందు గానీ ఇంతవరకు లేవు. ఉన్న ఓపికను లెక్క చూసుకుని ఖర్చు పెట్టడం, కాస్త బాగున్న రోజున కూడా ఒంటిని అదుపులో ఉంచుకోవడం, నిద్రకూ నొప్పులకూ తగిన చికిత్స పొందడం, ఇవే ఇప్పటికి మార్గాలు. బీడీలు చుట్టి వేల లెక్కన కూలి తీసుకునే ఇల్లాలికి "విశ్రాంతి తీసుకో" అనడం తేలిక, చేయడం కష్టం. అందుకే ఇంటి పని పంచుకోవడం కూడా ఆమె వైద్యంలో భాగమే.

మన సంఘాలు వైద్యశిబిరాలు పెట్టినప్పుడు పై నాలుగు ప్రశ్నలను తెలుగు, తమిళ భాషల్లో ఒక కాగితం మీద అచ్చువేసి, వచ్చిన డాక్టర్ల బల్ల మీద ఉంచుదాం. మే 12న ఈ వ్యాధిపై అవగాహన దినం పాటిస్తారు. అది నర్సుల దినోత్సవం కూడా. ఆ రోజుకు కాగితం సిద్ధంగా ఉంటే బాగుంటుంది. మీ ఇంట ఎవరైనా ఇలా బాధపడుతుంటే, ముందు ఆ నోటుపుస్తకం మొదలుపెట్టించండి.