ఉద్యోగమంటే ప్రయత్నం

'ఉద్యోగం పురుష లక్షణం' అనే నానుడి తెలుగునాట వినని వారుండరు. నెల తిరిగేసరికి జీతం చేతికందే కొలువు సంపాదించడమే ఆ మాటకు అర్థమని నేడు చాలామంది భావిస్తున్నారు. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం, సన్నాహం. మహాభారతంలోని ఉద్యోగపర్వానికి ఆ పేరు వచ్చింది ఈ అర్థంలోనే. పాండవులు పరుల కొలువులో ఉన్నది దానికి ముందున్న విరాటపర్వంలో. మారుపేర్లతో చేసిన ఆ కొలువులు విడిచి, స్వనామాలతో తమ హక్కు కోసం పూనుకున్న తరువాతనే ఉద్యోగపర్వం మొదలవుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే స్త్రీపురుషులెవరైనా కొలువు దొరకనంత మాత్రాన నిరుద్యోగులమని కుంగిపోనక్కర లేదు.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యువతకు ఈ ఆలోచన మరింత అవసరం. చదువు ముగియగానే విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో రైలెక్కడం ఇక్కడి ఇళ్లలో తరతరాలుగా చూస్తున్నదే. వలస వెళ్లినవారి కష్టార్జితంతో ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. దానిని చిన్నచూపు చూడరాదు. అయితే ఊరు విడవడమొక్కటే దారి కాకూడదు. నేర్చిన విద్యను నమ్ముకొని, ఒకే యజమానికి కట్టుబడక, పలువురికి పని చేసిపెట్టి ప్రతిఫలం పొందే స్వతంత్ర వృత్తి రెండవ దారి. దీనినే ఇంగ్లీషు మాటతో ఫ్రీలాన్సింగ్ అంటున్నారు. 'ఫ్రీ లాన్స్' అనే మాట 1819లో వెలువడిన వాల్టర్ స్కాట్ నవల 'ఐవాన్‌హో'లో కనిపిస్తుంది. ఏ ప్రభువుకూ శాశ్వతంగా కట్టుబడక, కిరాయికి యుద్ధం చేసే బల్లెపు యోధుడని అక్కడ దాని అర్థం. బల్లెం పోయి కలం, కెమెరా, కంప్యూటరు వచ్చాయి. పద్ధతి మాత్రం అదే.

ఈ పద్ధతి ఉత్తరాంధ్రకు కొత్త కాదు. బొబ్బిలికి సమీపంలోని అజ్జాడ గ్రామంలో 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు జీవితమే ఇందుకు నిదర్శనం. 1883లో మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామినాయుడు విజయనగరంలో హరికథ చెప్పగా దాసు విన్నాడు. పాట, పద్యం, అభినయం, నృత్యం, మాటకారితనం అన్నీ ఒకచోట కలిసే ఆ కళ తన శక్తులకు తగినదని గ్రహించాడు. వెంటనే ధ్రువచరిత్రను హరికథగా రచించి, విజయనగరం వేణుగోపాలస్వామి ఆలయంలో తొలిసారి గానం చేశాడు. నాటికి ఆయన వయస్సు పందొమ్మిదేళ్లు. ఆ తరువాత ఊరూరా తిరిగి కథలు చెప్పి మైసూరు సంస్థానం వరకు కీర్తి గడించాడు. 1919లో విజయనగరంలో విజయరామ గానపాఠశాల వెలసినప్పుడు దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ పదవి లభించేనాటికి మూడున్నర దశాబ్దాల స్వతంత్ర వృత్తి ఆయన వెనుక ఉంది.

ఈ చరిత్రలో ప్రారంభకులు గ్రహించవలసినవి మూడున్నాయి. దాసు విన్నంత మాత్రాన ఆగక స్వయంగా ఒక కథ తయారు చేశాడు. తెలిసినవారున్న ఊళ్లోనే తొలి ప్రదర్శన ఇచ్చాడు. ఒక్క మెప్పుతో తృప్తిపడక ఊళ్లు తిరిగాడు. మాదిరి పని, పరిచితుల మధ్య తొలి అవకాశం, క్రమంగా విస్తరణ అనే ఈ వరుస నేటికీ చెల్లుతుంది. అనువాదకుడు కాగోరే విద్యార్థి 'నాకు రెండు భాషలు వచ్చు' అని చెప్పుకోవడం కంటె, తాను చేసిన రెండు పుటల అనువాదాన్ని చూపడం మేలు.

ఇక ఏ విద్యతో మొదలుపెట్టాలి? అనువాదం, అచ్చుతప్పులు దిద్దడం, పుస్తకాల పేజీలు కూర్చడం, ఛాయాచిత్రణం, చిన్న దుకాణాల లెక్కలు రాయడం, పిల్లలకు పాఠం చెప్పడం వంటివి ఎన్నో ఉన్నాయి. నాలుగింటిని అరకొరగా పట్టుకోవడం కంటె ఒకదానిని లోతుగా నేర్వడం మంచిది. తెలుగు టైపింగునే చూడండి. అచ్చు పనివారు అను ఫాంట్లు వాడతారు. అంతర్జాలానికి, సెల్‌ఫోనుకు యూనికోడ్ కావాలి. రెండూ తెలిసి, ఒకదాని నుండి మరొకదానికి మార్చినప్పుడు దొర్లే తప్పులను దిద్దగలవానికి అచ్చు పనిలోనూ, అంతర్జాలపు పనిలోనూ చోటుంటుంది. చిన్నదిగా కనిపించే ఈ నేర్పే అతని మూలధనం.

నేర్పు ఎంత ఉన్నా వెల కట్టడం తెలియకపోతే నష్టమే. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చేసే శిల్పులున్నారు. పనస దుంగను ఎంచుకోవడం, ఆరబెట్టడం, తొలవడం, చెక్కడం, మెట్లు అమర్చడం, శ్రుతి సరిచూడడం ఇవన్నీ కలిస్తేనే వీణ. కర్ర ఖరీదుకు ఉలి పట్టిన రోజుల కూలి మాత్రమే కలిపి వెల చెబితే, ఆరబెట్టిన నెలలు, అరిగిన పనిముట్లు, పనిలేని రోజులు శిల్పి నెత్తిన పడతాయి. స్వతంత్ర వృత్తిలో ప్రతి పనికీ ఇదే లెక్క. కరెంటు, ఇంటర్నెట్టు, కంప్యూటరు మరమ్మతు, పని వెతకడానికి పట్టిన కాలం, దిద్దుబాట్లకు పట్టిన కాలం అన్నీ వెలలో చేరాలి. మొదటి పని కదా అని ఉచితంగా చేసిపెట్టేవాడు తన శ్రమనే కాదు, తోటివారి శ్రమను కూడా చులకన చేసినవాడవుతాడు.

మాట పట్టింపు ఎంత గొప్పదైనా, కాగితం దానికి తోడుండాలి. చేయవలసిన పని, గడువు, ఎన్నిసార్లు దిద్దిపెట్టాలి, సొమ్ము ఎప్పుడు చెల్లించాలి అనే నాలుగు విషయాలు రాసుకొని, కొంత బయానా పుచ్చుకొని పని మొదలుపెట్టాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. కనుక ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇది నేర్చుకునే కాలం, మాదిరులు కూర్చుకునే కాలం. రాబడి మొదలయ్యాక జమాఖర్చుల పుస్తకం తప్పనిసరి. సేవల ద్వారా వచ్చే వార్షిక రాబడి ఇరవై లక్షల రూపాయలు దాటనంతవరకు ఆంధ్రప్రదేశ్‌లో సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరముండదు. ఆదాయపు పన్ను లెక్క మాత్రం వేరు.

ఈ దారిలో పొంచి ఉన్న ఆపద ఒకటుంది. ఇంటి వద్దనే టైపు చేస్తే వేలు వస్తాయని చెప్పి, ముందుగా నమోదు రుసుమో, డిపాజిట్టో కట్టించుకునే మోసగాళ్లున్నారు. పని ముగిశాక తప్పులున్నాయని, కోర్టు నోటీసు పంపుతామని బెదిరిస్తారు. పనివానికి సొమ్ము ఇచ్చేవాడు యజమాని. పనివాని నుండి సొమ్ము అడిగేవాడు యజమాని కాడు. ఈ ఒక్క సూత్రం చాలామందిని కాపాడుతుంది. మోసపోయినవారు సిగ్గుపడి ఊరుకోక, వెంటనే 1930 అనే సైబర్ నేరాల సహాయ సంఖ్యకు ఫోను చేయాలి.

'ఇంతా చేసి, రేపటి మాటేమిటి?' అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. కొలువులో ఉన్నవారికి లభించే భవిష్యనిధి, సెలవు జీతం, పింఛను స్వతంత్ర వృత్తిలో వాటంతటవే రావు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను చట్టంలో తొలిసారి నిర్వచించింది. అది మంచి ఆరంభమే అయినా, జబ్బు చేసిన రోజు అన్నం పెట్టేది సొంత పొదుపే. అందుచేత చదువు మానుకొని ఈ దారి పట్టడం అవివేకం. చదువుతూనో, చిరుద్యోగం చేస్తూనో మొదలుపెట్టి, కొన్ని నెలల ఖర్చుకు సరిపడే నిల్వ చేకూరిన తరువాత, ఒకరిద్దరిపైనే ఆధారపడకుండా పని ఇచ్చేవారు పెరిగిన తరువాత పూర్తిగా నమ్ముకోవడం వివేకం.

కొలువు ఒకరు ఇస్తే వచ్చేది, ఒకరు తీసేస్తే పోయేది. నేర్పు అలా పోదు, వాడినకొద్దీ పదునెక్కుతుంది. దరఖాస్తులు పెట్టుకుంటూనే, రోజుకొక గంట ఒక విద్యకు కేటాయించి, ఏడాది తిరిగేసరికి పదిమందికి చూపదగిన మాదిరులు సిద్ధం చేసుకున్న విద్యార్థి కొలువు దొరికినా నష్టపోడు, దొరకకపోయినా దిగులుపడడు. ఆ పూనికకే పూర్వులు ఉద్యోగమని పేరు పెట్టారు.