అలంకారవిద్య పరీక్షకొఱకేనా?

మన యున్నత పాఠశాలలలో తెలుగు వాచకములయందు అలంకారములు గలవు. వానిని బోధించుటయు, పరీక్షించుటయు జరుగుచునే యున్నవి. అయినను ఆ విద్య బాలుర కెంతవఱ కబ్బుచున్నదని ప్రశ్నించుకొనవలసిన యవసరము కలిగినది.

జరుగుచున్నదేమి? ముఖమును చంద్రునితో బోల్చిన వాక్యమొకటి యిచ్చి, అలంకారమును గుర్తించి లక్షణము వ్రాయుమందురు. బాలుడు ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకమని నాలుగంగములను వల్లించి మార్కులు గడించును. ఆ సాయంకాలమే యింటిలో మామ్మ జడివానను జూచి, ఆకాశమునకు చిల్లుపడినట్లున్నదనును. అదియు నుత్ప్రేక్షయే యని వానికి తోపదు. పేరు నేర్చినాడు, వస్తువు నెఱుగడు.

భరతముని నాట్యశాస్త్రమున జెప్పినవి ఉపమ, రూపకము, దీపకము, యమకమను నాలుగే. తరువాతి యాలంకారికులు వానిని నూటికి మించి పెంచిరి. పెక్కింటికి మూలమొక్కటియే: ఒకదానిని మఱియొకదాని మూలమున జూచుట. కవికి గల శక్తులలో రూపకశక్తియే మిన్నయనియు, అది యొరులవలన నేర్చుకొనరానిదనియు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ నుడివెను. సృష్టించుట నేర్పరానిదే కావచ్చును. గుర్తించుట నేర్పవచ్చును, నేర్పియే తీరవలెను.

ఇందువలన నేమి లాభమందురా? రాజమహేంద్రవరముననే యుదాహరణము గలదు. 1907 ఏప్రిల్ నెలలో బిపినచంద్రపాలుగారు ఈ నగరమున నుపన్యసించినపుడు, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వాని నాంధ్రీకరించుచు ఒక తేటగీతి చదివిరి. దేశము పాడియావు, ప్రజలు దూడలు, పాలకులు పాలుపిదుకువారు అని యందలి భావము. అవయవములతో గూడిన రూపకమునకు అంతకంటె చక్కని యుదాహరణము పాఠ్యపుస్తకములలో నరుదు. ఈ దేశపు ధనము సీమకు తరలిపోవుచున్నదని దాదాభాయి నౌరోజీగారు అంకెలతో నిరూపించిన ఉద్గ్రంథము 1901లో వెలువడినది. దానిని జదివినవారెందఱు? దూడను విడిచినగాని ఆవు చేపదనియు, చేపిన పిమ్మట దూడను లాగి కట్టివేయుదురనియు ఎఱుగని రైతు గోదావరిసీమలో నున్నాడా? అందుచేతనే ఉద్గ్రంథము చేరని పాకలోనికి ఆ నాలుగు పాదములు చేరినవి.

ఆ దినములలోనే వందేమాతరోద్యమమున బాల్గొన్నందులకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఇచటి శిక్షణ కళాశాలనుండి బహిష్కృతులైరి. నేలను తల్లిగా భావించుటయు రూపకమే కదా! ప్రభుత్వమువారు దాని బలమును గుర్తించిరి. మన బాలురు గుర్తింపకుండుట న్యాయమా?

ఇందు రెండవ పక్షమును గలదు. కనుదెఱపించిన రూపకమే కనులు గప్పనుగూడ గలదు. వరదలో ఏటిగట్టు తెగినపుడు, గోదావరితల్లి యాగ్రహించినదని యందుము. మాట రమ్యముగనే యున్నది. కాని నది కోపించినదనుకొన్నచో, గట్టును సకాలమున బాగుచేయనివారిని అడుగువాడుండడు. తల్లి నెవ్వరు విచారింతురు? ఎన్నికల వాగ్దానములలో, వస్తువుల ప్రకటనలలో అతిశయోక్తి నిత్యము మన ముంగిటికి వచ్చుచున్నది. కావ్యమున నది శోభ. బేరమున నది మోసమునకు దారి. దస్తావేజులో నొక్క పదమునకు రెండర్థములు పొసగి, సోదరులు ఏండ్లతరబడి న్యాయస్థానముల చుట్టు తిరుగుటను న్యాయవాదివృత్తిలో మేము చూచుచునే యున్నాము. శ్లేష కవికి కీర్తి, కక్షిదారునకు ఖర్చు. ఈ వివేకము బాల్యముననే యలవడవలెను.

కావున ఉపాధ్యాయ మహాశయులకు మా మనవి. లక్షణమును చివరకు, లక్ష్యమును మొదటికి తెండు. ప్రతి బాలుడును ఇంటిలోనో, సంతలోనో, రేవులోనో విన్న యొక సామెతను, పోలికను వ్రాసికొని రావలెను. దేనిని దేనితో బోల్చిరి, ఏ గుణమునుబట్టి బోల్చిరి, ఏ గుణమును విడిచిరి అను మూడు ప్రశ్నలు వేయుడు. మూడవ ప్రశ్నయే ముఖ్యము. పోలిక దేనిని దాచుచున్నదో అది బయలుపెట్టును. ఈ మూడును దెలిసిన పిమ్మట ఉపమ యనియో, రూపకమనియో పేరు చెప్పిన మఱచిపోరు. పరీక్షాధికారులును కంఠస్థ వాక్యములు మాని, ఆనాటి పత్రికనుండియో, ప్రజల నోటినుండియో క్రొత్త వాక్యము నిచ్చి ప్రశ్నింతురుగాక.

నన్నయభట్టు తెలుగున భారత రచన కుపక్రమించినది ఈ నగరముననే. ఆ వారసత్వమును గూర్చి సభలలో గొప్పలు చెప్పుకొనుటకు మనము వెనుదీయుట లేదు. ఆ వారసులకు తమ మామ్మ మాటలోని యుత్ప్రేక్షయు, నాయకుని మాటలోని యతిశయోక్తియు తెలియకున్నచో, ఆ గొప్పలును అతిశయోక్తులుగనే మిగులును.