లెక్క కుదిరే వరకు

బోడుప్పల్ వంటి శివారు ప్రాంతాల నుండి ఆపరేషన్ థియేటర్ నర్సు కొలువు కోరి వెళ్లే యువతులలో పలువురు ఇంటర్వ్యూ అనగానే ఆంగ్లంలో స్వపరిచయాన్ని వల్లె వేస్తారు. దానికి విలువ లేదని కాదు. కాని మత్తులో ఉన్న రోగి తన పక్షాన తాను మాట్లాడలేడు; అతనికి బదులు మాట్లాడవలసినది నర్సు. ఆ మాటనే ముందుగా సిద్ధపరచుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల శస్త్రచికిత్సా భద్రతా పట్టికను వెలువరించింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని గది దాటించే ముందు బృందమంతా ఆగి సరిచూసుకోవాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దీనిని అమలుపరచగా మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. ఖరీదైన యంత్రమేమీ కాదు, ఒక కాగితం!

పట్టికను అప్పజెప్పడం సులభమే. రక్తం అద్దే గుడ్డలలో ఒకటి లెక్కకు రాలేదు, శస్త్రవైద్యులు కుట్లు వేయడానికి తొందరపడుతున్నారు. అప్పుడేమి చేస్తావని అడిగితే? "మళ్లీ లెక్కిస్తాను" అన్నది సగం సమాధానమే. లెక్క కుదిరే వరకు ఆగమని పెద్ద డాక్టరుతో చెప్పడం, అప్పటికీ దొరకకపోతే ఎక్స్‌రే కోరడం మిగిలిన సగం. అణకువే నర్సుకు భూషణమని నేర్పిన చోట ఈ మాట నోట రావడం కష్టం. తరగతి గదిలోనే పదేపదే పలికించి అలవాటు చేయడం నర్సింగు కళాశాలల బాధ్యత. ఆ సమాధానం విని ఇంటర్వ్యూ చేసేవారు ముఖం చిట్లిస్తే, అక్కడ చేరాలో వద్దో అభ్యర్థిని కూడా ఆలోచించుకోవచ్చు.