జీఎస్టీ తగ్గింపు: ధర ఎంత తగ్గాలి?

సవరించిన జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబరు 22న అమలులోకి వచ్చాయి. తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు, స్నానపు సబ్బులపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. దీంతో ధర కూడా 13 శాతం తగ్గాలని పలువురు వినియోగదారులు భావిస్తారు. వాస్తవానికి లెక్క అది కాదు.

ప్యాకెట్‌పై ముద్రించే గరిష్ఠ చిల్లర ధరలో అన్ని పన్నులూ కలిసే ఉంటాయి. పన్ను విధించేది మాత్రం అసలు ధరపైనే. 100 రూపాయల వస్తువు 18 శాతం పన్నుతో 118 రూపాయలవుతుంది. ఆ 118లోంచి 18 శాతం తీసివేస్తే 96 రూపాయల 76 పైసలు మిగులుతాయి. అది అసలు ధర కాదు. 118ని 1.18తో భాగిస్తేనే 100 వస్తుంది. దానికి 5 శాతం కలిపితే కొత్త ధర 105. తగ్గేది 13 రూపాయలు, అంటే పాత ధరలో సుమారు 11 శాతం.

ఈ తేడా తెలియకపోతే న్యాయంగా ధర తగ్గించిన వర్తకుడినీ అనుమానిస్తాం. ఐదారు రూపాయలు మాత్రమే తగ్గించిన వారినీ నమ్ముతాం. అసలు ధర మారకుండా, పన్ను ప్రయోజనం అందలేదని లెక్కలో తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. పన్ను తగ్గింపు ఫలం కొనుగోలుదారుకు చేరిందో లేదో చెప్పేది ప్రకటన కాదు, బిల్లు.