ఆ సంచిలో ఏం సర్దాం?

తెనాలిలో మా వీధిలో ఈమధ్య ఓ అమ్మాయి రాత్రికి రాత్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. కూరగాయల బండి దగ్గర ఇక అవే మాటలు. "బంగారం ఎంత పట్టుకెళ్ళిందిట?" అని అందరూ ఆరాలే. నాకు మాత్రం ఒకటే సందేహం: పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకెళ్ళిందా?

ఎందుకంటే ఇలాంటి సంచి ఒకటి నేనూ సర్దాను. నా కోసం కాదు లెండి! బాపట్లలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి కోసం. తెల్లవారుజామున బండి. పుస్తకాల సంచి ఖాళీ చేసి నలుగురం కూర్చుని సర్దాం. కొత్త చీర, రెండు డ్రస్సులు, పసుపు, కుంకుమ, గాజులు, దారిలో తినడానికి అరిసెలు. ఒకమ్మాయి తన సెంటు సీసా కూడా ఇచ్చేసింది. సినిమాల్లో చూసినవన్నీ పెట్టాం. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ ఆఫీసులో ఉన్నాయి. కనీసం జిరాక్సు కాపీలైనా పెట్టాలని ఒక్కరికీ తట్టలేదు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత మా అత్తగారి ఊరు రేపల్లె వెళ్తూ, తెనాలి స్టేషన్లో బండి కోసం నిలబడి ఉంటే కనిపించింది. "ఆయన మంచివాడేనే. నా చదువే పోయింది" అంది. తను వెళ్ళిన వారానికే వాళ్ళ నాన్న కాలేజీకొచ్చి టి.సి.తో సహా అన్నీ తీసుకుపోయాడట. కబురు పెడితే "చచ్చిన పిల్లకి సర్టిఫికెట్లెందుకు?" అన్నాడట. టీచర్ ట్రైనింగ్ చదవాలనుకున్న పిల్ల బట్టల షాపులో చేరింది. ఆరేళ్ళకి, చుట్టాలింటి పెళ్ళిలో, వాళ్ళమ్మ ఆ కాగితాల్ని జాకెట్టు ముక్కలో చుట్టి ఎవరూ చూడకుండా చేతిలో పెట్టిందట.

తెనాలిలో పెరిగిన చలం 1927లోనే 'మైదానం'లో రాజేశ్వరిని గడప దాటించాడు. అప్పట్నుంచీ గడప దాటడం తప్పా ఒప్పా అని వాదించుకుంటూనే ఉన్నాం. దాటాక మర్నాటి పొద్దు గురించి మాత్రం మాట్లాడం.

పెళ్ళికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండాలి. నిండాయని నోటితో చెబితే చాలదు, కాగితం చూపించాలి. మతాలు వేరైతే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పెళ్ళినాడు ముగ్గురు సాక్షులు రావాలి. రాత్రికి రాత్రి అయ్యే పని కాదది. గుళ్ళో తాళి కట్టించుకున్నవాళ్ళు కూడా అంతటితో ఊరుకోక రిజిస్టరు చేయించుకోవాలి. మేజర్లైన ఇద్దరి పెళ్ళికి ఇంటివాళ్ళుగానీ, కులపెద్దలుగానీ అడ్డుపడకూడదని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది. ఆ తీర్పు అక్కరకు రావాలన్నా వయసు కాగితం చేతిలో ఉండాలిగా!

"ఆడపిల్లలకి లేచిపోవడం నేర్పుతున్నావా?" అన్నారు మావారు ఇది చదివి. లేదు. పద్దెనిమిది నిండని పిల్లని వెళ్ళొద్దనే చెబుతాను. నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగలేని కుర్రాడైతే ఇంకోసారి ఆలోచించుకోమనీ చెబుతాను.

తల్లులకీ ఒక మాట. పిల్ల మీద కోపం ఉంటే తిట్టండి, నాలుగు రోజులు మాట్లాడకండి. దాని సర్టిఫికెట్లు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయకండి. అవి మనం చదివి తెచ్చుకున్నవి కావు.

మా అమ్మాయి ఈ ఏడాదే పది పాసైంది. ఇంటర్ కాలేజీలో ఇవ్వడానికి సర్టిఫికెట్ దాని చేతికే ఇచ్చాను, రెండు జిరాక్సులు దాని సంచిలోనే పెట్టించాను. దాంతోపాటే చెప్పాను, "ఎప్పుడైనా, ఎవరి గురించైనా, ముందు నాతో చెప్పు. అరుస్తాను, కానీ వింటాను" అని. మన ఇంట్లో వినే మనిషి ఒకరుంటే, పిల్లలకి అర్ధరాత్రి సంచి సర్దుకునే అవసరం ఎందుకొస్తుంది?